బ్యాంకాక్ ఏటీఎం ముందు మూడు కోతలు

హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కినవాళ్లు తెల్లవారేసరికి బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతారు. ఇమిగ్రేషన్ వరస దాటి, బెల్టు మీది సూట్‌కేసు అందుకుని బయటికి రాగానే ఏటీఎంలు బారులు తీరి కనిపిస్తాయి. కళ్ల నిండా నిద్ర, పక్కన పిల్లలు, ట్యాక్సీకి నగదు కావాలి. కార్డు పెట్టి రెండు వేల బాత్‌లు అడుగుతారు. 220 బాత్‌ల రుసుము పడుతుంది, సరేనా అంటుంది యంత్రం. సరే అనక చేసేదేముంది? ఆ వెంటనే ఇంకో తెర వస్తుంది. అందులో మొత్తం రూపాయల్లో ఉంటుంది. పరాయి దేశంలో మన లెక్క కనిపించేసరికి ప్రాణం లేచొస్తుంది. 'యాక్సెప్ట్' నొక్కేస్తారు.

చేతికి వచ్చిన నోట్లు చూసుకుంటే రెండు వేలూ సరిగ్గానే ఉంటాయి. తేడా అంతా ఇంటికొచ్చాక బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తెలుస్తుంది, అదీ ఓపిగ్గా చదివితే.

విదేశంలో నగదు తీసినందుకు పడే ఖర్చును జనం ఒకే రుసుము అనుకుంటారు. నిజానికి ఒకే లావాదేవీ మీద ముగ్గురు చెయ్యి వేస్తారు. యంత్రం పెట్టిన బ్యాంకు ఒకటి, తెర మీద కరెన్సీ మార్చి చూపించేవాళ్లు రెండు, కార్డు ఇచ్చిన మన బ్యాంకు మూడు. మొదటిది గట్టిగా అడిగి తీసుకుంటుంది. మిగిలిన రెండూ ఎక్కువగా మారకం రేటు చాటున తీసుకుంటాయి.

రెండో కోతను ప్రస్తుతానికి పక్కనపెట్టి, బాత్ విలువ రెండున్నర రూపాయలు అనుకుని లెక్క కడదాం. రేటు రోజూ మారేదే, ఇది లెక్క సులువు కోసం. రెండు వేల బాత్‌లంటే 5,000 రూపాయలు. యంత్రం రుసుము 550. మన బ్యాంకుల్లో చాలావాటికి విదేశీ ఏటీఎం చార్జీ 125 రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇవికాక మారకం మార్కప్ పేరుతో మూడున్నర శాతం, దాని మీదా జీఎస్టీ. అన్నీ కలిపితే 900 రూపాయలు దాటుతుంది. అంటే అయిదు వేలు తీయడానికి పద్దెనిమిది శాతానికి పైగా ఖర్చు. ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా ఒక్క రోజుకు ఇంత అడగడు.

అదే మనిషి ఒకేసారి ఇరవై వేల బాత్‌లు తీస్తే యంత్రం రుసుము ఆ 550 రూపాయలే. మొత్తం ఖర్చు అయిదున్నర శాతం దగ్గర ఆగుతుంది. మార్కప్ లేని కార్డయితే ఒకటిన్నర శాతం లోపే. పది సార్లు రెండేసి వేలు తీసేవాళ్లకూ, ఒక్కసారి ఇరవై వేలు తీసేవాళ్లకూ ఉన్న తేడా ఇది. జేబులో ఎక్కువ డబ్బుంటే ఎవరైనా కొట్టేస్తారేమోనన్న భయంతో కొంచెం కొంచెం తీసేవాళ్లున్నారు. ఆ భయం తప్పేం కాదు, కాకపోతే దాని ఖరీదు తెలిసి భయపడటం మేలు.

యంత్రం వాడినందుకు పరాయి కార్డు మీద డబ్బు గుంజే పద్ధతి ఏటీఎంతోపాటు పుట్టింది కాదు. బార్‌క్లేస్ బ్యాంకు 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో మొదటి నగదు యంత్రం పెట్టింది. అమెరికాలో వీసా, మాస్టర్‌కార్డు నెట్‌వర్కులు ఇలాంటి అదనపు రుసుము మీద దేశవ్యాప్తంగా ఉన్న నిషేధాన్ని 1996లో ఎత్తేశాక అది మామూలైపోయింది. థాయ్ బ్యాంకులు 2009లో విదేశీ కార్డులకు 150 బాత్‌లతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా 220కి తెచ్చాయి. పర్యాటకుడు ఓటరు కాడు కదా, అతని తరఫున అడిగేవారుండరు.

అసలు పట్టించుకోవలసింది రెండో కోతను. తెర మీద రూపాయలు చూపించే ఆ ఏర్పాటుకు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అని పేరు. ఒప్పుకుంటే ఆ యంత్రం వాళ్లు వేసిన రేటు ఖరారవుతుంది. వద్దంటే లావాదేవీ బాత్‌లలోనే జరిగి, వీసా లేదా మాస్టర్‌కార్డు రేటు వర్తిస్తుంది. అది టోకు మార్కెట్ రేటుకు దగ్గరగా ఉంటుంది. యంత్రం వాళ్ల రేటులో మార్జిన్ ఎంత కలిపారో చాలాసార్లు మనకు స్పష్టంగా చెప్పరు. ఆరు శాతం కలిపారనుకుంటే ఇరవై వేల బాత్‌ల మీద మూడు వేల రూపాయలు ఎగిరిపోయినట్టే. చాలామందిని ఇక్కడ ఇరికించేది బొత్తాల మీది మాటలు. 'డిక్లైన్ కన్వర్షన్' నొక్కితే డబ్బే రాదేమోనని భయపడతారు. వస్తుంది. రద్దయ్యేది ఆ రేటు ఒక్కటే. హోటల్లో, దుకాణంలో కార్డు గీకే యంత్రమూ ఇదే ప్రశ్న వేస్తుంది. చాలాచోట్ల కౌంటర్‌లోని మనిషే మన బదులు రూపాయల బొత్తాం నొక్కేస్తాడు. పోనీ రూపాయల్లో చెల్లించాం కదా అని మన బ్యాంకు ఊరుకుంటుందా అంటే అదీ లేదు. విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి ఒక శాతం వేసే క్రెడిట్ కార్డులున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

యూరోపియన్ యూనియన్ ఈ మాయకు కొంత అడ్డుకట్ట వేసింది. అక్కడి ఏటీఎంలు, దుకాణాలు తమ మారకం రేటు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుకన్నా ఎంత శాతం ఎక్కువో ముందే చూపించాలన్న నిబంధన 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అది యూనియన్ కరెన్సీల మధ్య మార్పిడికే. హైదరాబాద్ కార్డుతో వెళ్లినవారికి దానివల్ల ఒరిగేది లేదు.

కార్డు బదులు నోట్లే పట్టుకెళ్తే? రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు విదేశీ నోట్లు కొనుక్కోవచ్చు. బ్యాంకాక్‌లో సూపర్‌రిచ్ పేరుతో నడిచే మారకం దుకాణాలు డాలరుకు మంచి రేటు ఇస్తాయి, విమానాశ్రయం అడుగు అంతస్తులో రైలు స్టేషన్ పక్కనా ఉన్నాయి. వంద డాలర్ల నోటుకు ఒక రేటు, చిన్న నోట్లకు అంతకన్నా తక్కువ. రూపాయలిస్తే మాత్రం రేటు చూసి ఉసూరుమంటారు. నలుగురి కుటుంబం వారం రోజులకు వెళ్తుంటే కొంత డాలర్లు, మిగతాది మార్కప్ లేని కార్డు అన్నది తెలివైన సర్దుబాటు. ఫారెక్స్ కార్డు తీసుకుంటే అందులో బాత్‌లే నింపించాలి. డాలర్లు నింపి బాత్‌లు ఖర్చు పెడితే మళ్లీ మార్పిడి రుసుము. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం గురించి చెప్పనే అక్కర్లేదు, తీసిన రోజు నుంచే వడ్డీ.

ఇంత లెక్కా వేసుకుని వెళ్లాక కార్డు పనిచేయకపోతే అదొక వేరే తంటా. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నారు. విదేశీ వాడకాన్ని యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి, పరిమితీ మనమే పెట్టుకోవాలి. ఆ పని శంషాబాద్‌లోనే ముగించాలి. అక్కడ దిగాక సిమ్‌కు ఓటీపీ రాకపోతే పెట్టెలో కార్డున్నా లేనట్టే.

యూపీఐ ఉందిగా అంటారు. 2021లో భూటాన్‌తో మొదలై సింగపూర్, శ్రీలంక, మారిషస్ దాకా కొన్ని దుకాణాల్లో నడుస్తోంది, పారిస్ ఈఫిల్ టవర్ టికెట్లకూ పనికొస్తోంది. థాయ్‌లాండ్‌లో నూడుల్స్ బండి మీదా క్యూఆర్ ఉంటుంది. అది వాళ్ల సొంత ప్రాంప్ట్‌పే. ఆ ప్రాంప్ట్‌పేకు 2021లో సింగపూర్ పేనౌతో లంకె పడింది, అదే పేనౌకు 2023 ఫిబ్రవరిలో మన యూపీఐతో లంకె పడింది. ఇలాంటి వంతెనలు పెరిగేకొద్దీ ఏటీఎం దగ్గరికి పోయే అవసరం తగ్గుతుంది. ఈలోగా మన బ్యాంకులు చేయగల పని ఒకటుంది. డబ్బు తీసిన మరుక్షణం వచ్చే ఎస్ఎంఎస్‌లో ఎంత కట్ అయిందో చెబుతున్నారు. అందులో రుసుము ఎంత, మార్కప్ ఎంత, జీఎస్టీ ఎంత అని విడదీసి చెప్పడానికి కొత్త సాంకేతికతేమీ అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు ఒక్క మాట అంటే చాలు. అలా చెబితే మొదటి ఏటీఎం దగ్గర దెబ్బ తిన్నవాళ్లు రెండోదాని దగ్గరైనా డిక్లైన్ నొక్కుతారు.