కాలనీ అంటే ఎవరి కాలనీ?

బెజవాడలో ఆటో ఎక్కి "గురునానక్ కాలనీ" అనండి. ఆటో అతను పది రూపాయలు ఎక్కువ అడుగుతాడు. అది డబ్బున్నవాళ్ళుండే చోటని అతనికి తెలుసు. అదే మన మెట్ట ఊళ్ళల్లో ఏదో ఒక సెంటర్లో బస్సు దిగి "కాలనీకి ఎటు పోవాలి?" అని అడగండి. దారి చెప్పేలోపే మీ కులమేంటో లెక్కకట్టేస్తారు. అప్పటిదాకా "మీరు" అన్నవాడు "అట్టా పో" అంటాడు.

మాట ఒక్కటే. ఇంగ్లీషు మాట. బడి మొహం చూడని ముసలమ్మ నోట కూడా తెలుగు మాటలాగే పలుకుతుంది. కానీ పట్నంలో అది గొప్ప, పల్లెలో అది వెలి. ఆఫీసర్స్ కాలనీ, ఎల్ఐసి కాలనీ, జర్నలిస్టు కాలనీ, సిమెంటు ఫ్యాక్టరీ స్టాఫ్ కాలనీ - వీటన్నిటికీ ముందు ఒక ఉద్యోగమో, హోదానో ఉంటుంది. ముందు ఏ మాటా లేకుండా ఒట్టి "కాలనీ" అన్నారంటే అది మనదే. "కాలనీ పిల్లలు", "కాలనీ ఓట్లు", "కాలనీవాళ్ళకి కబురు పెట్టండి, పత్తి తీతకి మనుషులు కావాలి". కులం పేరు ఎత్తకుండానే కులం చెప్పే సదుపాయం ఈ మాటలో ఉంది. అందుకే పెత్తందార్లకు అంత ముద్దయింది.

ఈ సదుపాయం తిట్టులో ఇంకా బాగా పనికొస్తుంది. కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది కదా, అందుకని "కాలనీ బుద్ధులు" అంటారు. స్టేషనుకు పోతే "కులం పేరు అనలేదుగా" అని తిప్పి పంపాలని చూస్తారు. కార్యకర్తలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కులం పేరుతో తిట్టడం ఒక నేరం. మనల్ని మన కులాన్ని బట్టి, పదిమంది ఎదుట, కావాలని అవమానించడం అదే చట్టంలో ఇంకో నేరం. సెక్షన్ 3(1)(ఆర్) చదివి పొండి.

ఇంతకీ ఈ మాట ఎక్కడిది? లాటిన్ భాషలో కొలోనస్ అంటే నేల దున్నేవాడు. కొలోనియా అంటే అలాంటివాళ్ళని స్థిరపరిచిన చోటు. రోము రాజ్యం యుద్ధంలో గెలిచిన నేలల్లో తన మాజీ సైనికులకు భూములు పంచి ఊళ్ళు కట్టించి, వాటికి ఆ పేరు పెట్టింది. జర్మనీలో కొలోన్ అనే పెద్ద నగరానికి ఆ పేరు అట్లా వచ్చిందే. (రోము వాళ్ళేం ధర్మాత్ములు కారు. ఆ భూమి ఓడినవాళ్ళ దగ్గర గుంజుకున్నదే.) అంటే పుట్టుకలోనే కాలనీ అన్న మాటలో సేద్యం ఉంది, భూమి ఉంది. మన కాలనీలో దున్నే చేతులు ఉన్నాయి, కోసే చేతులు ఉన్నాయి, లేనిది దున్నుకునే నేల. పిల్లల సైన్సు పుస్తకంలో చీమలకూ కాలనీ ఉంది. చీమ తెచ్చిన గింజ చీమల పుట్టలోకే పోతుంది. మనం తీసిన పత్తి, కోసిన మిర్చి, దింపిన మామిడి ఎవరి కొట్టాల్లోకి పోతున్నాయో నందిగామ, జగ్గయ్యపేట, రెడ్డిగూడెం వైపు వాళ్ళకి మేం చెప్పాలా?

తర్వాత ఇంగ్లీషువాడు దేశాలు పట్టి వాటిని కాలనీలన్నాడు. దాన్నే మనం "వలస రాజ్యం" అని తెలుగు చేసుకున్నాం. పంతుళ్ళం ఏటా చెప్పే పాఠమే ఇది. చాకిరీ ఇక్కడిది, లాభం అక్కడిది, చట్టం చేసేది వాళ్ళు, లోబడేది వీళ్ళు. ఊరికీ ఊరవతల కాలనీకీ మధ్య ఉన్నది ఇదే సంబంధం కాదా? ఈ పోలిక మాది కాదు, బాబాసాహెబ్‌ది. ఊరినీ వెలివాడనూ విడదీసి చూపిస్తూ, అంటరానివాళ్ళ మీద హిందువుల పెత్తనాన్ని ఆయన వలసవాదం అనే పిలిచారు. 1947లో ఇంగ్లీషువాడి కాలనీ పోయింది. ఊరి కాలనీ మిగిలింది.

మనకు ఈ పేరు మొదటిది కాదు. మాలపల్లె, మాదిగ గూడెం అన్నారు. గాంధీగారి పుణ్యాన హరిజనవాడ అన్నారు. హరిజన మాట కాగితాల్లో రాయొద్దని 1982లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. పక్కా ఇళ్ళొచ్చాక ఎస్సీ కాలనీ అయింది. బోర్డు మారినప్పుడల్లా పాత తిట్టు కొత్త మాటలోకి కాపురం మారింది. గూడెం అన్న మాటనే చూడండి. రెడ్డి పక్కన చేరితే రెడ్డిగూడెం అయి మండలానికి పేరైంది. మాదిగ పక్కన చేరితే ఎగతాళి అయింది. గూడెం ఏం పాపం చేసింది?

ఇప్పుడు పక్క రాష్ట్రాల్లో ఈ మాట తీసేస్తున్నారు. 2024 జూన్‌లో కేరళలో మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి వదిలే ముందు చివరి పనిగా, దళిత ఆదివాసీ నివాసాలకు కాలనీ, సంకేతం, ఊరు అన్న పేర్లు వాడొద్దని ఉత్తర్వు ఇచ్చారు. (అక్కడ ఊరు అంటే ఆదివాసీల నివాసం, అది చిన్నచూపు మాట. ఇక్కడ ఊరు అంటే మనల్ని రానివ్వని చోటు. మాట తిరగని తిరుగుడు లేదు!) 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కూడా, కాలనీ అన్నది అంటరానితనానికి గుర్తుగా, తిట్టుగా మారిందని శాసనసభలో చెప్పి, ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసేస్తామన్నారు.

మేం దీన్ని స్వాగతిస్తున్నాం. "పేరులో ఏముందిలే" అనే పెద్దమనుషులకు ఒకటే ప్రశ్న. పేరులో ఏమీ లేకపోతే, 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ ఎందుకు తగలబెట్టారు? అదే ఏడాది ఏప్రిల్‌లో మన మెట్టంతా కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. ఒక్క అద్దం పగల్లేదు.

అయితే ఎవరో పెట్టిన పేరు తీసి ఇంకెవరో ఇంకో పేరు పెడితే సరిపోదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభ, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఐదో కులం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం అని మన తాతలే తేల్చుకున్నారు. 1922లో మద్రాసు శాసనసభలో ఎం.సి. రాజా తీర్మానంతో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లకు గుర్తింపొచ్చింది. ఏ దొరా దయతలచి ఇచ్చింది కాదు. ఇవాళ కూడా పేరు పెట్టాల్సింది కాలనీ జనమే. మాలలొక బోర్డూ మాదిగలొక బోర్డూ పెట్టి కొట్టుకుంటే నవ్వేది ఎవరో కూడా ఆలోచించుకోండి.

ఇంకో భయం ఉంది, అది ఉత్త భయం కాదు. సబ్‌ప్లాన్ రోడ్డు, వీధి దీపం, నీళ్ళ ట్యాంకు - కాగితం మీద ఇవన్నీ "ఎస్సీ కాలనీ" అన్న మాట పట్టుకునే వస్తాయి. రేపు ఆ మాట కొట్టేసి "ఫలానా నగర్" అని రాసి, ఆ డబ్బును ఊళ్ళో బజారుకు మళ్ళించరని నమ్మకమేంటి? అందుకే చిరునామాలో ఆ మాట పోవాలి, లెక్కల్లో మన వాటా పోకూడదు. ఈ రెండూ కలిపి అడగాలి.

భూమి మాట ఎత్తకుండా ఉత్త పేరు మాటే మాట్లాడే నాయకుల్ని నమ్మొద్దు. 2020 డిసెంబరులో జగనన్న కాలనీల పట్టాలిచ్చినప్పుడు పల్లెలో స్థలం సెంటున్నర. అంటే 72 గజాల చిల్లర. మంచం, పొయ్యి, బర్రె - మూడిట్లో ఒకటి బయటే. ఇల్లు ఇచ్చారు కాబట్టి కాదనం. కానీ అది కాలనీ అయితే, రోము సైనికుడికిచ్చిన చేను ఏది? తిరువూరు నుంచి గెలిచిన కోనేరు రంగారావు గారి భూకమిటీ 2006లోనే నివేదిక ఇచ్చింది. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. అవి అమలు చేయండి అంటే "బోర్డు మారుస్తాం" అంటారు. మారుస్తారు, ఆర్చీ కూడా కడతారు. ఆర్చీ మీద ఎమ్మెల్యే పేరు మన పేరుకంటే పెద్దగా ఉంటుంది.

కాబట్టి వచ్చే గ్రామసభకు ప్రతి పల్లె నుంచీ ఆడా మగా కలిసి పొండి. ముందే కూర్చుని పేరు తేల్చుకోండి. అర్జీలో పేరుతో పాటు ఇళ్ళ పట్టాలు ఎన్నిటికి రాలేదో, మన శ్మశానం ఏ సర్వే నంబర్లో ఉందో, దానికి దారి ఉందో లేదో, అసైన్డ్ భూమి ఎవరి పేరున ఉండి ఎవరి సాగులో ఉందో రాయండి. రాయడం రాకపోతే చదువుకున్న మన పిల్లల్ని కూర్చోబెట్టండి, లేదా మాకు కబురు చేయండి. రెండు నకళ్ళు తీసి, ఒకదాని మీద పంచాయతీ కార్యదర్శి చేత అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి.