దడ పుట్టినప్పుడే బీపీ చూడండి!

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకని మా చెల్లెల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించారు. మత్తిచ్చి కోత పెట్టగానే బీపీ 260 దాటింది. సాయంత్రానికి శవాన్ని అప్పగించారు. పోస్ట్‌మార్టంలో తేలిన పేరు ఫియోక్రోమోసైటోమా. మూత్రపిండం మీద టోపీలా కూర్చునే ఎడ్రినల్ గ్రంథిలో పుట్టి, అడ్రినలిన్‌లాంటి హార్మోన్లను రక్తంలోకి గుమ్మరించే గడ్డ. దినాలయ్యాక పాత స్కాన్ రిపోర్టు తీశాను. కుడి ఎడ్రినల్‌పై 4 సెంటీమీటర్ల గడ్డ ఉందని చివరి లైనులో రాసే ఉంది. రాళ్ల దాకా చదివి ఆపేశారు!

అంతకుముందు రెండేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. తలపోటు, గుండెదడ, చెమట మూడూ కట్టగట్టుకుని వచ్చేవి. మొహం పాలిపోయేది, జాకెట్టు పిండితే నీళ్లు కారేవి. ఆటోలో ఆస్పత్రికి చేరేసరికి అన్నీ సర్దుకుని బీపీ 130/80. "టెన్షనమ్మా, ఆలోచనలు తగ్గించుకో" అని నిద్రమాత్ర రాసేవారు. అత్తగారితో పడదా అని ఒకాయన, పిల్లల చదువుల బెంగా అని ఇంకొకాయన. చివరికి అదే నమ్మి, తప్పు తనదేనేమోనని ఏడ్చేది. దడకని ఒకరు బీటా బ్లాకర్ అనే మందు రాశారు. ఈ గడ్డ ఉన్నవాళ్లకి ముందు ఆల్ఫా బ్లాకర్ ఇవ్వకుండా అది ఇస్తే బీపీ ఇంకా ఎగదన్నుతుంది. టెన్షన్ అనే మాట రోగనిర్ధారణ కాదు, రోగిని గుమ్మం దాటించే ఉపాయం!

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 1886లోనే జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో 18 ఏళ్ల పిల్ల ఇలాగే పోతే, ఫ్రాంకెల్ అనే డాక్టరు శవపరీక్షలో ఈ గడ్డలు చూసి రాశాడు. 1926లో స్విట్జర్లాండ్‌లో రూ అనే సర్జన్, అమెరికాలో ఛార్లెస్ మేయో గడ్డ కోసి తీసి మనుషుల్ని బతికించారు. ఈ గడ్డని పట్టిచ్చే మెటానెఫ్రిన్ పరీక్ష లేని రోజులవి. ఇప్పుడుంది, అడిగే నోరే లేదు.

బీపీ రోగులు వెయ్యిమందిలో ఒకరిద్దరికి వచ్చేదానికి ఇంత గొడవెందుకంటారు. ఆ ఒకరిద్దరి ఇళ్లకి వెళ్లి అనండి ఆ మాట.

తలనొప్పి వచ్చిన ప్రతివాళ్లకీ పరీక్ష చెయ్యమనడం లేదు. ఈ మూడు లక్షణాలూ విడతలు విడతలుగా వచ్చేవాళ్లకీ, స్కాన్‌లో ఎడ్రినల్ గడ్డ కనబడ్డవాళ్లకీ కత్తి పట్టకముందే మెటానెఫ్రిన్లు చూడాలి. రక్తంలో చూడొచ్చు, లేదా 24 గంటల మూత్రం డబ్బాలో పట్టి చూడొచ్చు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో నమూనా తీసుకుని ల్యాబ్‌కి పంపాలి, ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. గడ్డ అని తేలితే ఒకటి రెండు వారాలు ఆల్ఫా బ్లాకర్ ఇచ్చి, బీపీ అదుపులోకి తెచ్చాకే ఆపరేషన్ చెయ్యాలి. ముగ్గురిలో ఒకరికి దగ్గరదగ్గరగా ఇది వంశంలో వచ్చేదే కాబట్టి తోబుట్టువుల్నీ పిల్లల్నీ కూడా చూడాలి. మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు.

ఇంట్లో బీపీ మిషనుంటే దడ పుట్టిన నిమిషంలోనే చూసి, అంకె, టైము కాగితం మీద వెయ్యండి. వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. సంతకం పెట్టడానికి రండి. వచ్చేటప్పుడు మీ పాత స్కాన్ రిపోర్టులు తెచ్చుకోండి, చివరి లైను దాకా కలిసి చదువుదాం.