బాగలూరు దక్షిణానికి పోయిన పటం

పోయిన ఆదివారం తెరమీద చూపించిన ఊళ్ల పటాన్ని ఎవరికీ పంపకండి. తప్పు మాదే.

హోసూరు, దేన్కనికోట చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు మాట్లాడే ఊళ్లను పాత పటం స్కాన్ మీద చుక్కలుగా పెట్టాలని మన పిల్లలు మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. మొదటిసారి చుక్కలన్నీ ఎడమ పైమూలన కుప్పగా పడ్డాయి. మనమిచ్చిన 77, 12 అనే రేఖాంశ అక్షాంశాలను అది పిక్సెళ్లనుకుంది. అందరం నవ్వుకున్నాం.

రెండో తప్పుకు నవ్వు రాలేదు, ఎందుకంటే అది కనిపించలేదు. ఈసారి అక్షాంశాలను పిల్లలే పిక్సెళ్లుగా మార్చారు, కింది అంచునుంచి పైకి లెక్కపెట్టి. ఆ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ వరుసల లెక్క మామూలుగా పైనుంచి కిందికి. అందుకని పటం నిటారుగానే ఉంది, చుక్కలు మాత్రం తలకిందులయ్యాయి. పటంలోని చిన్నక్షరాలు తెరమీద చదవడానికి రావు. చుక్కల పక్కన మేం రాసిన పేర్లే కనిపిస్తాయి. వెనక వరుసలోని పెద్దాయన ఒక్కరే, "మా బాగలూరుని దేన్కనికోట దిక్కుకి తోసినారే, నాయనా!" అన్నారు. హోసూరుకు ఉత్తరాన ఉండే ఊరు దక్షిణాన తేలింది మరి.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటినుంచి పిల్లల తెలుగు చదువు కోసం విన్నపాలు రాస్తూనే ఉన్నాం. వాటికి ఈ పటం జతచేద్దామనుకున్నాం. ఒక్క ఊరు తప్పుచోట ఉందని అధికారి పట్టుకుంటే మిగతా ఊళ్లనూ నమ్మడు. పటం లేకుండా పంపడమే మేలనిపించేది అప్పుడు.

సరిచేయడం కష్టమేం కాదు. స్కాన్‌లో తెల్ల అంచులు కత్తిరించి, వంకర తీసి, పటం నాలుగు అంచుల రేఖాంశ అక్షాంశాలను 'ఎక్స్‌టెంట్' అనే చోట ఇవ్వాలి: ఎడమ, కుడి, కింద, పైన, ఆ వరసలోనే. అప్పుడు చుక్కలను నేరుగా రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత పెట్టొచ్చు. అక్షాంశం ముందు చెప్పే అలవాటువల్ల ఇక్కడా తడబడతాం.

మా పట్టుదల ఒక్కటే. సర్వే ఊళ్లకంటే ముందు హోసూరు, బాగలూరు, దేన్కనికోట, తళి మాత్రమే పెట్టి చూడాలి. ఆ నాలుగూ అచ్చయిన పేర్ల మీద కూర్చుంటేనే మిగతావి. పటంతోపాటు ఊళ్ల పట్టిక కూడా ఇవ్వాలి. కొత్త పటం వచ్చే ఆదివారం గోడకు అంటిస్తాం, చదవగలిగేంత పెద్దదిగా. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురండి. వాళ్ల ఊరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి.