టూలెట్ బోర్డు కట్టే ముందు

పోర్షన్ ఖాళీ అయిందంటే మన ఇంటి ఓనర్లకు ముందు గుర్తొచ్చేది పెయింటరే. పుట్టీ పెట్టించి, హాల్లో ఒక గోడకు ముదురు రంగు కొట్టించి, అద్దె రెండు వేలు పెంచి బోర్డు కట్టేస్తాం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ రంగు గోడ వైపు ఓ చూపు చూసి, తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుతారు. “నీళ్లెలా వస్తాయి ఆంటీ?” అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. వనస్థలిపురంలో మేం కింద ఉంటూ పైన మూడు పోర్షన్లు అద్దెకిస్తాం. మా ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. చేతికొచ్చే పింఛను పాలకూ కూరలకూ సరిపోతే గొప్ప. ఇల్లు నడిచేది అద్దెల మీదే. కాబట్టి అద్దె పెరగాలని అందరికంటే నాకే ఎక్కువ ఉంది. దానికోసం పెట్టే డబ్బు మాత్రం ముందు నీళ్లకు, తర్వాత కరెంటుకు, ఆ తర్వాత చెమ్మకు పెట్టాలి. రంగు వంతు చిట్టచివర.

కాగితం మీద లెక్క వేసి చూడండి. పదిహేను వేల అద్దె వచ్చే పోర్షన్‌కు వెయ్యి పెంచితే ఏడాదికి అదనంగా వచ్చేది 12,000. ఆ వెయ్యి నచ్చక ఉన్నవాళ్లు వెళ్లిపోయి ఒక్క నెల తాళం పడితే పోయేది 15,000. మళ్లీ రంగులు, క్లీనింగు, బ్రోకరుంటే అతని కమీషను వేరే. అద్దె ఇంటి విలువ అద్దె ఎంతన్న దానికంటే, వచ్చినవాళ్లు ఎన్నేళ్లుంటారన్న దాన్ని బట్టే తేలుతుంది. మనం చేయించే ప్రతి పనినీ ఈ ఒక్క ప్రశ్నతో తూచాలి: దీనివల్ల వాళ్లు ఇంకో ఏడాది ఉంటారా?

నీళ్ల సంగతి హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కృష్ణా నీళ్లు వచ్చే రోజు సంపు నిండాలి, మిగతా రోజులు బోరు ఆడాలి. బోరు నీళ్ల ఉప్పుకు షవర్ కన్నాలు మూసుకుపోతాయి, కుళాయిల మూతుల దగ్గర తెల్లగా పేరుకుంటుంది. పాత జీఐ పైపులైతే లోపల తుప్పు పట్టి ధార సన్నబడిపోతుంది. బకెట్టు నిండడానికి పదిహేను నిమిషాలు పట్టే బాత్రూంలో ఖరీదైన టైల్స్ అతికించి ఏం లాభం? పైపులు మార్పించి, ట్యాంకుకు ఆటోమేటిక్ స్విచ్ పెట్టిస్తే “ఆంటీ, మోటారెయ్యండి” అన్న కేకలు కూడా ఆగుతాయి.

కరెంటు దగ్గరికి వద్దాం. మనం ఇళ్లు కట్టుకున్న రోజుల్లో గదికో స్విచ్‌బోర్డు, దాని కింద ఒక ప్లగ్గు ఉంటే చాలనుకున్నాం. ఇప్పుడు పెళ్లయిన కొత్త జంట దిగినా రెండు ల్యాప్‌టాప్‌లు, రౌటరు, ఓవెను, వాషింగ్ మెషీన్, ఏసీ వెంటే వస్తాయి. మా మొదటి అంతస్తులో ఉండే అమ్మాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటుంది. ఒకసారి పైకి వెళ్తే హాల్లో బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు గుమ్మం దాటి, చాప కిందుగా బెడ్రూంలోకి పాకి ఉంది. వైరు పట్టుకు చూస్తే గోరువెచ్చగా తగిలింది. “రంగులు వేయించకపోయినా ఫరవాలేదాంటీ, ఇక్కడ రెండు ప్లగ్ పాయింట్లు పెట్టించండి చాలు” అంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ రెండింటితో పాటు ఏసీకి విడిగా నాలుగు ఎంఎం వైరు లాగించి, దానికో ఎంసీబీ పెట్టించాను. షాక్ కొట్టే పరిస్థితి వస్తే కరెంటును టక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని కూడా మెయిన్ బోర్డులో బిగించాడు. గోడలో ఉండేవి కంటికి కనిపించవు, ఫొటోలో పడవు. పసిపిల్లలున్న వాళ్లు మాత్రం అడిగి మరీ చూస్తున్నారు.

మీటర్ల విషయంలో మన ఓనర్లు చేసే తప్పు ఇంకోటుంది. ఒకే మీటరు పెట్టి, మూడు పోర్షన్లకు సబ్‌మీటర్లు బిగించి, యూనిట్‌కు ఇంతని వసూలు చేస్తారు. తెలంగాణలో గృహజ్యోతి కింద తెల్లరేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. అద్దెకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అందరి వాడకం ఒకే మీటరు మీద పడితే 200 ఎప్పుడో దాటిపోతుంది, పైగా స్లాబు మారి యూనిట్ రేటు పెరుగుతుంది. విడి మీటరుకు మనం ఒకసారి పెట్టే ఖర్చు వాళ్లకు నెలనెలా మిగులు. ఇంట్లో ఏ మార్పు చేస్తే అద్దె పెంచినా నోరెత్తరని అడిగితే నేను చెప్పేది ఇదే.

ఇక చెమ్మ. బెడ్రూంలో బాత్రూం వైపు గోడకు మోకాలెత్తు దాకా రంగు పొక్కి ఉంటుంది. వేలితో నొక్కితే పొక్కు చిట్లి తెల్లటి పొడి రాలుతుంది, బీరువా వెనక బట్టలకు ముక్కవాసన పడుతుంది. గీకించి, పుట్టీ రాయించి, రంగేస్తే వచ్చే వానల దాకా కూడా ఆగదు. ఎందుకంటే జబ్బు గోడది కాదు. అవతల బాత్రూం టైల్స్ సందుల్లో సిమెంటు ఊడి, నహానీ ట్రాప్ చుట్టూ నీళ్లు దిగి గోడలోకి ఎక్కుతున్నాయి. మా రెండో అంతస్తులో టైల్స్ లేపించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వాలు సరిచేయించాం. కొత్త టైల్స్ వేసేముందు ట్రాప్ మూసి, నేలంతా నీళ్లు నిలబెట్టి, ఒక పగలూ రాత్రీ కింది స్లాబు తడుస్తుందేమో చూడమన్నాను. మేస్త్రీ “ఎందుకమ్మా, నాదీ పూచీ” అన్నాడు. మేస్త్రీల పూచీ డబ్బు చేతిలో పడేవరకే కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఈ ఒక్క పరీక్షకు పట్టుబట్టమని ప్రతి ఓనరుకూ చెప్తాను.

ఇవన్నీ అయ్యాక చిన్న చిన్న సౌకర్యాలు. కిటికీలకు దోమల మెష్, బాల్కనీలో వాషింగ్ మెషీన్‌కు కుళాయీ డ్రైనేజీ, బట్టలారేసుకునే తీగలు, మెట్ల మీద రాత్రి వెలిగే లైటు. మామూలు ఫ్యాను 75 వాట్లు తాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెన్ లాంటివి పదిహేను వేల అద్దె పోర్షన్‌కు దండగ. వీధిలో అద్దెలకు ఒక హద్దుంటుంది, మన ఇంట్లో ఎంత కుమ్మరించినా ఆ హద్దు దాటి ఎవరూ ఇవ్వరు.

పైసా ఖర్చు లేని మార్పు కూడా ఒకటుంది. “వెజిటేరియన్లకు మాత్రమే”, “ఫలానా వాళ్లకే”, “ఫ్యామిలీలకే” అంటూ బోర్డు మీద రాసే షరతులు చెరిపేయడం. లక్షలు పోసి ఇంటిని బాగు చేయించి, వచ్చినవాళ్ల కులమడిగి వెనక్కి పంపేవాళ్లను నేనెరుగుదును. ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే వాస్తును తిడతారు. అద్దె వేళకిచ్చి, ఇంటిని శుభ్రంగా ఉంచేవాళ్లు ఏం తింటే మనకేం?

“ఎంత చేసినా అద్దెకున్నవాళ్లు పాడు చేస్తారు” అన్నది మన కాలనీ మీటింగుల్లో వినపడే మాట. కొందరు పాడు చేస్తారు, నిజమే. దిగే రోజునే గది గదికీ ఫొటోలు తీసి, ఫ్యాన్లు గీజర్ల జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే తగాదా సగం తగ్గుతుంది. మిగతా సగానికి, కేంద్రం 2021లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో పంపకం ఉంది. గోడల సున్నం, తలుపులూ కిటికీల పెయింటు, పైపుల మార్పు, వైరింగు ఓనరు పని. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ల పని. ఇంటికి మెరుగులు చేయించినప్పుడు, ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే మధ్యలో అద్దె పెంచుకోవచ్చని కూడా అందులో ఉంది. రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది గానీ, ఆ పంపకాన్ని మన అగ్రిమెంటులో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

“వీటన్నిటికీ డబ్బెక్కడిది?” అంటారా? ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని బిల్లులేవీ అడక్కుండానే ఆదాయపు పన్ను లెక్క నుంచి తీసేస్తారు. ఏడాదికి 1,80,000 అద్దె వచ్చేవాళ్లకు అది 50 వేలకు అటూఇటూ. రిపేర్ల పేరు మీద ఆ మినహాయింపు తీసుకుని, కుళాయి కారుతోందని ఫోన్ వస్తే చూద్దాంలే అనడం న్యాయం కాదు. ఏటా ఒక నెల అద్దె ఇంటికే అని పక్కన పెట్టండి. ఖాళీ పడితే పోయేదీ ఆ నెల అద్దేగా!

తోటి ఓనర్లకు నా మాట ఒకటే. పోర్షన్ ఖాళీ అయినప్పుడు పెయింటర్‌కు ఫోన్ చేసే ముందు అక్కడ ఒక రోజు మీరే ఉండి చూడండి. ఆ వంటింట్లో వండుకోండి, ఆ బాత్రూంలో స్నానం చేయండి, ఆ గదిలో పడుకోండి. ఏం బాగు చేయించాలో తెల్లారేసరికి మీకే తెలుస్తుంది.