ఇష్టమైతేనే ఓవర్‌టైమ్!

పనిభారంతో ప్రాణం పోతే జపాన్‌లో దాన్ని ‘కరోషి’ అంటారు. డెంట్సు అనే పెద్ద ప్రకటనల సంస్థలో చేరి ఏడాదైనా నిండకుండానే 24 ఏళ్ల అమ్మాయి 2015 డిసెంబరులో ఆత్మహత్య చేసుకుంది. అధిక పనే కారణమని అధికారులు తేల్చారు. 2017లో కోర్టు ఆ సంస్థకు వేసిన జరిమానా 5 లక్షల యెన్లు!

2018లో కొత్త చట్టం వచ్చింది. ఓవర్‌టైమ్ నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు దాటకూడదు. పని మరీ ఎక్కువైన నెలల్లో మాత్రం 100 గంటల లోపు వరకు సడలింపు ఉంది. ఉద్యోగి గుండెజబ్బుతో చనిపోతే, అది పని వల్లేనా అని తేల్చడానికి అక్కడి అధికారులు చూసే ఒక ప్రధాన కొలత కూడా ముందు నెలలో 100 గంటల ఓవర్‌టైమే. అంటే ఇప్పటి చట్టమే ప్రమాదం అంచుదాకా వెళ్లనిస్తోంది.

2025 అక్టోబరులో ప్రధాని అయిన సనాయె తకాయిచి ఈ పరిమితుల సడలింపును పరిశీలించమన్నారు. ఆరోగ్యం కాపాడుతూ, ఉద్యోగి ఇష్టం మేరకే అంటున్నారు. పనిచేసేవాళ్ల కొరత నిజమే. కానీ బాస్ లేవకముందే కుర్చీ వదలడానికి మొహమాటపడే చోట ‘ఇష్టం’ అన్న మాటకు అర్థమేముంది?

జపాన్‌లో మనవాళ్లూ ఉన్నారు. ఫోన్ చేసినప్పుడు జీతం ఎంత పెరిగిందని కాదు, నిన్న ఎన్నింటికి ఇంటికొచ్చావని అడుగుదాం.