చివర వచ్చేవాళ్లకు దారేదీ?

"అన్నా, ఇటా? అటా?"

31వ కిలోమీటరు దాటాక, ఫ్లైఓవర్ కింద మూడు రోడ్లు చీలే చోట నిలబడి గొంతు చించుకుని అరిచాను. టైము ఎనిమిదిన్నర దాటింది. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టిన పరుగు. పిక్కలు పట్టేస్తున్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. ముందు ఎవరూ కనిపించడం లేదు. రోడ్డు మీద సున్నంతో గీసిన బాణం ఒకటి ఉండేదట, రాత్రి పడ్డ చినుకులకు కొట్టుకుపోయి తెల్లటి మరక మిగిలింది. ఆరెంజ్ కోన్లను ఇద్దరు కుర్రాళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. కటాఫ్ టైముకి ఇంకా దాదాపు మూడు గంటలుంది.

డివైడర్ మీద కూర్చున్న వాలంటీరుకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వంటి మీద ఈవెంట్ టీషర్టు, చేతిలో ఖాళీ నీళ్ల సీసా. నన్ను చూసి బెదిరిపోయి లేచాడు. "అన్నా, నాకేం చెప్పలే అన్నా. పొద్దుగాల నాలుగింటికి దించిండ్రు, ఈడ నిల్చోమన్నరు. అంతే." మ్యాపు లేదు, ఫోన్ నంబరు లేదు, టిఫిన్ కూడా పెట్టలేదు. ఆ పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. వాణ్ణి అక్కడ దించేసి వెళ్లిపోయినవాళ్ల మీద వచ్చింది. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

అంతలో వెనకనుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఖమ్మం జిల్లాలో సర్కారు బడి పంతులు, 58 ఏళ్లు. ఇదే మొదటి మారథాన్. పదకొండు నెలల పాటు రోజూ నాలుగింటికి లేచి సాగర్ కాలువ గట్టు మీద పరిగెత్తి తయారయ్యారని 20వ కిలోమీటరు దగ్గర పక్కపక్కన పరిగెత్తుతూ చెప్పారు. "ఎటు తమ్ముడూ?" అని అడిగారు. తెలియదన్నాను. ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడిగితే, "పరుగు అయిపోయిందనుకున్న సార్, అందుకే బండ్లు వదిలేసినం" అన్నాడు. ఇద్దరం తిన్నగా ఉన్న రోడ్డు పట్టుకున్నాం. లారీలు, సిటీ బస్సులు, స్కూటర్లు పక్కనుంచి దూసుకుపోతుంటే కిలోమీటరుకు పైగా వెళ్లాక, ఒక టీ కొట్టాయన చేయి అడ్డంగా ఊపాడు. "ఇటు ఎవ్వరూ రాలే అన్నా" అన్నాడు. వెనక్కి తిరిగాం.

పోనూ రానూ 2.7 కిలోమీటర్లు. మామూలు రోజున అదేం దూరం కాదు. 31 కిలోమీటర్లు పరిగెత్తిన కాలికి ఎంత దూరమో పరిగెత్తినవాళ్లను అడగండి. ఒంట్లో దాచుకున్న శక్తి సరిగ్గా 30, 32 కిలోమీటర్ల దగ్గరే అడుగంటుతుంది. అక్కడినుంచి కాళ్లతో పాటు లెక్కతో పరిగెత్తాలి. ఇంకా ఎంతుంది, తర్వాతి నీళ్లు ఎక్కడ, ఉప్పు గోళీ ఇప్పుడు వేసుకోవాలా ఆగాలా అన్న లెక్క. ఆ లెక్క మీదే మనసు నిలబడుతుంది. కిలోమీటరు బోర్డులు లేకుండా, బాణాలు లేకుండా ఆ లెక్క చెరిపేస్తే ఎంతటివాడైనా కుప్పకూలతాడు. సార్ రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని రెండు చేతులతో పిక్క పట్టుకున్నప్పుడు ఆయన వేళ్లు వణకడం నా కళ్లతో చూశాను.

ఎలాగోలా సరైన రోడ్డు పట్టుకుని యూటర్న్ దగ్గరికి చేరితే, అక్కడ ఎవరు దాటారో నమోదు చేసే టైమింగ్ మ్యాట్ లేదు. అప్పటికే చుట్టేసి వ్యాన్‌లో పెట్టేశారు. చివరికి ఫినిష్ చేరాం, కటాఫ్‌కి పావుగంట ముందే. గేటుకు కట్టిన బ్యానర్లు విప్పేస్తున్నారు. సాయంత్రం ఫలితాలు వచ్చాయి. నా పేరు ఎదురుగా, సార్ పేరు ఎదురుగా ఒకటే మాట: పూర్తి చేయలేదు.

మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఆయన పరిగెత్తింది దాదాపు 45. ఆయన "పూర్తి చేయలేదు"!

ఊరి పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క ఊరి జబ్బయితే రాసేవాణ్ణే. చలికాలం వస్తే చాలు, జిల్లా కేంద్రాల్లో సైతం ఆదివారం ఆదివారం ఏదో ఒక రన్ జరుగుతోంది. 5కే, 10కే, హాఫ్, ఫుల్. జనం ఆరోగ్యం కోసం రోడ్డెక్కుతున్నారు, చాలా మంచి మాట. కానీ రన్నర్లు నలుగురు కలిసిన ప్రతి చోటా వినిపించే కథ ఇదే. ఒకరికి హాఫ్ మారథాన్ 20 కిలోమీటర్లకే ముగిసింది. ఇంకొకరు 10కే వాళ్ల బాణం పట్టుకుని సగం దూరంలోనే ఫినిష్‌కి వచ్చిపడ్డారు. మరొకరికి చీకట్లో బోర్డు కనిపించలేదు, ఎందుకంటే దానిమీద ఒక్క లైటు కూడా పెట్టలేదు.

నిర్వాహకులను అడిగితే మొదటి జవాబు, "మీ వాచ్ తప్పు చూపిస్తోంది." జీపీఎస్ వాచ్‌లో కొంత తేడా వస్తుంది, ఒప్పుకుంటాను. ఫ్లైఓవర్ల కింద, పెద్ద భవనాల మధ్య సిగ్నల్ తప్పుతుంది. మలుపుల్లో మనం లోపలి అంచు పట్టుకోకుండా వెడల్పుగా తిరిగితే ఇంకాస్త కలుస్తుంది. ఫుల్ మారథాన్‌కు వాచ్ 42.6 చూపిస్తే ఏ రన్నరూ పోట్లాడడు. 45 చూపిస్తే అది వాచ్ తప్పు కాదు, దారి చూపనివాడి తప్పు.

కోర్సు కొలవడం గాల్లో దీపం పెట్టే వ్యవహారం కాదు. ప్రపంచమంతటా ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించి, ముందుగా టేపుతో కొలిచిన దూరం మీద దాన్ని సరిచూసుకుని, రన్నర్ వెళ్లగలిగిన అతి దగ్గరి దారి వెంట తొక్కుతూ కొలుస్తారు. దూరం తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. అంటే ఫుల్ మారథాన్‌కు 42 మీటర్లు. దారి పొడవునా దూరాన్ని కిలోమీటర్లలో రన్నర్లందరికీ కనిపించేలా చూపించాలని వరల్డ్ అథ్లెటిక్స్ నియమమే ఉంది. "అందరికీ" అన్న మాట గమనించండి. ముందు పరిగెత్తే పదిమందికి మాత్రమే అని అందులో లేదు.

దారి తప్పించడం మన దగ్గరే జరుగుతుందని కూడా అనను. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో జరిగిన 'మారథాన్ ఆఫ్ ద నార్త్'లో మొదట వచ్చిన ఒక్కడే సరైన దారిలో వెళ్లాడు. రెండోవాడు, మూడోవాడు దారి తప్పారు, వాళ్ల వెనక దాదాపు 5,000 మంది అదే దారి పట్టారు. అందరూ 264 మీటర్లు తక్కువ పరిగెత్తారు. 2015లో బ్యాంకాక్ హాఫ్ మారథాన్‌లో యూటర్న్ తప్పు చోట పెట్టడంతో జనం దాదాపు 6 కిలోమీటర్లు ఎక్కువ పరిగెత్తాల్సి వచ్చింది. 2017 వెనిస్ మారథాన్‌లో అందరికంటే ముందున్నవాళ్లు దారి చూపే మోటార్‌సైకిల్ వెంట పక్కదారిలోకి వెళ్లిపోయి గెలుపునే పోగొట్టుకున్నారు. మాంచెస్టర్ మారథాన్ అయితే 2013, 2014, 2015, మూడేళ్ల పాటు 380 మీటర్లు తక్కువగా నడిచిందని 2016లో బయటపడింది. 24,000 మందికి పైగా రన్నర్ల టైములు చెల్లకుండా పోయాయి.

అసలు 42.195 అనే ఈ దూరం పుట్టిన పరుగులోనే ఇలాంటిది జరిగింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఇటలీ రన్నర్ డోరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి, సొమ్మసిల్లే స్థితిలో తప్పు దిక్కుకు తిరిగాడు. అధికారులు పట్టుకుని తిప్పారు. పడ్డాడు, లేపారు, మళ్లీ పడ్డాడు. చివరికి సాయం తీసుకున్నాడని పతకం దక్కలేదు. ఆ దృశ్యం చెప్పేది ఒకటే. మారథాన్ ఆఖర్లో ఉన్న మనిషి బుర్ర తనకు తానే దారి వెతుక్కునే స్థితిలో ఉండదు. దారి చూపే బాధ్యత నిలబడి ఉన్నవాడిది, పరిగెత్తేవాడిది కాదు.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జరిగాక ఏం చేశారన్నది ముఖ్యం. నేను రెండు మెయిళ్లు రాశాను. వాచ్ మ్యాపు, ఆ కూడలి ఫొటో, చెరిగిపోయిన బాణం ఫొటో జత చేశాను. మూడు వారాలకు వచ్చిన జవాబు రెండు వాక్యాలు. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, వచ్చే ఏడాది ఫీజులో 10 శాతం రాయితీ. క్షమాపణ లేదు. సార్ ఫలితం సరిచేస్తామన్న మాట లేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే! పుండు మీద కారం చల్లినట్టు, వాళ్ల పేజీలో మాత్రం "అద్భుత విజయం" అని ఫొటోలు. అందులో ఉన్నవాళ్లంతా మొదటి మూడు గంటల్లో వచ్చినవాళ్లే.

అసలు గుట్టు అక్కడే ఉంది. ముందు పరిగెత్తేవాడికి పైలట్ బండి ఉంటుంది, ఖాళీ రోడ్డు ఉంటుంది, కెమెరా ఉంటుంది. వాడికి బాణం అవసరమే లేదు. మధ్యలో ఉన్నవాడికి ముందువాడి వీపు కనిపిస్తుంది. నిజంగా బాణం కావాల్సింది చివర వచ్చేవాడికి. చుట్టూ ఎవరూ ఉండరు, ట్రాఫిక్ వదిలేస్తారు, ఎండ నెత్తికెక్కుతుంది. సరిగ్గా ఆ వేళకే కోన్లు ఎత్తేస్తారు, నీళ్ల టేబుళ్లు మడతపెడతారు, వాలంటీర్లను బిర్యానీ ప్యాకెట్లు ఇచ్చి పంపేస్తారు. ఆ వెనకాల ఉన్నవాళ్లెవరు? షుగర్ వచ్చాక పరుగు మొదలుపెట్టిన గుమస్తా, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తొలిసారి తనకంటూ ఉదయం దొరికిన ఇల్లాలు, రిటైర్మెంటు అంచున ఉన్న పంతులు. వీళ్ల దగ్గరా ఫీజు పైసా తగ్గకుండా తీసుకున్నారు. దారి దగ్గరకు వచ్చేసరికి వీళ్లు లెక్కలో లేకుండా పోయారు.

డబ్బుల్లేక ఇలా జరుగుతోందా అంటే, నేను నమ్మను. స్టేజీకి, డీజేకి, డ్రోన్ కెమెరాకి, ముఖ్య అతిథి శాలువాకి డబ్బులున్నాయి. వాన తగిలినా చెరగని రంగుతో బాణం గీయడానికి ఎంత అవుతుంది? ప్రతి మలుపులో ఒక ఫ్లెక్సీ బోర్డు, చీకట్లో మెరిసే స్టిక్కరు, వాలంటీరు చేతిలో ఆ మలుపు మ్యాపున్న ఒక్క కాగితం, ఒక ఫోన్ నంబరు, ఒక టిఫిన్ పొట్లం, ముందు రోజు సాయంత్రం ఒక గంట శిక్షణ. పరుగుకు ముందు నిర్వాహకుల్లో ఒక్కరు, ఒకే ఒక్కరు, సైకిల్ మీద మొత్తం కోర్సు తిరిగి చూసుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. ఇంత చిన్న పని చేయకపోవడానికి కారణం మతిమరుపు కాదు, నిర్లక్ష్యం.

అనుమతులిచ్చే పోలీసులకు, మున్సిపల్ అధికారులకు ఒక మాట. రోడ్డు మూసే టైమే కాదు, తెరిచే టైము కూడా కాగితం మీద రాయించండి, దానికి కట్టుబడండి. అలసిన మనిషిని లారీల మధ్యకు వదలడం ప్రాణాలతో ఆడుకోవడమే. డబ్బు పెట్టే కంపెనీలకు ఇంకో మాట. మీ లోగో మెడల్ మీదే కాదు, దారి తప్పిన మనిషి వంటి మీది టీషర్టు మీద కూడా ఉంటుంది.

రన్నర్లకు, ముఖ్యంగా బాగా పరిగెత్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి. మీరు తొందరగా వచ్చేస్తారు కాబట్టి మీకు ఇది కనిపించదు. ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కోర్సు కొలిచింది ఎవరు? మ్యాపు ఏది? కిలోమీటరు బోర్డులు ఎన్ని? ఆఖరి మార్షల్ ఎన్ని గంటలదాకా నిలబడతాడు? జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. మెడల్ మెడలో పడ్డాక ఒక్క పది నిమిషాలు ఫినిష్ దగ్గర నిలబడి చివర వస్తున్నవాళ్ల ముఖాలు చూడండి.

ఆ సార్ మళ్లీ కాలువ గట్టు మీద పరిగెత్తుతున్నారు. ఫుల్ మారథాన్‌కు మాత్రం పేరు ఇవ్వనన్నారు. "దూరమంటే భయం లేదు తమ్ముడూ, మళ్లా ఆ మూడు రోడ్ల కాడ నిలబడలేను" అన్నారు.

నిర్వాహకులకు చివరిగా చెప్పేదొకటే. కటాఫ్ 7 గంటలని మీ బ్రోచర్‌లో మీరే రాశారు. ఆ 7 గంటలూ బాణం అక్కడే ఉండాలి. కోన్ అక్కడే ఉండాలి. దారి తెలిసిన మనిషి ఒకడు అక్కడే నిలబడాలి. ఆఖరి రన్నరు దాటి వెళ్లేదాకా ఉండాలి. అది చేతకాకపోతే ఫీజు వసూలు చేయకండి, ఆ పరుగుకు మారథాన్ అని పేరు పెట్టకండి.