చిలుక ఖరీదు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులు ఆలోచనలో పడవేసింది. ఎనిమిదవ తరగతి చదివే ఒక అబ్బాయి ఇలా వ్రాశాడు: "తాతగారూ, పెద్దయ్యాక వ్యాపారం చేస్తానంటే మా బాపు సరేనన్నాడు. మా అవ్వ మాత్రం, 'వ్యాపారమెందుకు బిడ్డా, నలుగురికి పనికొచ్చే పని జెయ్యి' అంటున్నది. రెంటిలో ఏది చెయ్యను?"

చూడబోతే చిన్న ప్రశ్నే. ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, టక్కున జవాబు చెప్పగలననుకున్నాను. చెప్పలేకపోయాను. కాని నేను వ్రాసుకునే బల్ల మీద ఒక చెక్క చిలుక ఉంది. దాని ముక్కు కొసన రంగు కాస్త లేచిపోయింది గాని, ఇప్పటికీ ఎగిరిపోతుందేమో అన్నట్టే ఉంటుంది. ఆ చిలుక నా బల్ల మీదికి ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

2001వ సంవత్సరం, నవంబరు నెల. అప్పుడు నేను కరీంనగరు జిల్లాలో ఒక హైస్కూలుకు హెడ్మాస్టరును. తొమ్మిదవ తరగతి పిల్లలను కుంటాల జలపాతానికి తీసుకువెడదామని నిశ్చయించాం. తెల్లవారుఝామున బస్సు కదిలింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి, ఆర్మూరు దగ్గర నాగపూరు రోడ్డెక్కి, సోన్ వంతెన మీద గోదావరిని దాటేసరికి పిల్లలు తెచ్చుకున్న అటుకులన్నీ అయిపోయాయి. గోదావరి దాటిన తరువాత వచ్చే పెద్ద ఊరు నిర్మల. ఇప్పుడది ఒక జిల్లాకు ముఖ్యపట్టణం, 2016లో వేరే జిల్లా అయింది. మేము వెళ్ళిన రోజుల్లో ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. నిమ్మనాయుడనే ఆయన పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు.

నిర్మల బొమ్మల సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి బొమ్మలు చేసేవారిని నకాషీలంటారు. పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు, పల్లెటూరి మనుషులు, ఒకటేమిటి, అన్నీ కట్టెతోనే చేస్తారు. మా వాడొకడు బల్ల మీద ఉన్న సీతాఫలాన్ని తీసి, పండిందా లేదా అని బొటనవేలితో నొక్కి చూశాడు. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను గాని, వాడి వెనకే నిలబడి నేనూ ఒక మామిడిపండును వాసన చూసిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

అక్కడ ఒక చిలుక నాకు నచ్చింది. బొమ్మలు చేసే పెద్దాయన అరవై రూపాయలన్నాడు. మనకు పుట్టుకతో వచ్చిన విద్య ఒకటున్నది కదా, బేరం! "ముప్ఫైకిస్తావా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. కూచున్నచోటి నుంచి లేవకుండానే, "సారూ, మీరు లెక్కలు చెప్పే సారా, తెలుగు సారా?" అని అడిగాడు.

"లెక్కలే," అన్నాను గర్వంగా.

"మంచిది. అయితే లెక్కనే చెప్త," అని మొదలుపెట్టాడు.

ఆ చిలుకను పొణికి కట్టెతో చేస్తారు. కొందరు పునికి అని కూడా అంటారు. కట్టె తెచ్చి, తడి అంతా పోయేదాకా ఆరబెట్టాలి. ఆరిన కట్టె ఎంత తేలికగా ఉంటుందంటే, ఆయన ఒక దుంగముక్కను నా చేతిలో పెడితే, బరువుకు సిద్ధపడిన చెయ్యి పైకి లేచిపోయింది. దాన్ని రంపంతో కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. రెక్కలు, ముక్కు, తోక వేరువేరుగా చేసి అతుకుతారు. దేనితో అతుకుతారనుకున్నారు? చింతగింజలను ఉడికించి నూరిన జిగురులో రంపపు పొట్టు కలిపితే ఒక ముద్ద తయారవుతుంది. అదే మేకూ, అదే మర! అతుకులు ఆరాక పైన తెల్లమట్టి పూత, మళ్ళీ ఆరడం, మళ్ళీ నునుపు చెయ్యడం. ఆపైన రంగులు. చిట్టచివర కన్ను. "కన్ను పెట్టేటప్పుడు ఇంట్ల ఎవ్వలూ మాట్లాడరు సారూ," అన్నాడాయన.

ఒక్కొక్క చిలుకనూ విడిగా చెయ్యరు. నలభై చిలుకలు ఒక్కసారి పట్టుకుంటే, భార్యాభర్తలిద్దరికీ పదిరోజుల పని. కట్టెకూ రంగులకూ కలిపి ఏడువందలవుతుందన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా తరగతి అమ్మాయి ఒకతె బస్సు టిక్కెట్టు వెనక పెన్సిలుతో లెక్క వేసేసింది. నలభై చిలుకలు ముప్ఫై చొప్పున అమ్మితే 1200. ఏడువందలు తీసేస్తే మిగిలేది 500. ఇద్దరు పదిరోజులు చేశారు కనుక ఇరవై రోజుల కూలి. 500ను ఇరవైతో భాగిస్తే రోజుకు 25 రూపాయలు. అరవై చొప్పున అమ్మితే 2400, ఖర్చుపోను 1700, రోజుకు 85.

"సార్," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా, "మా అమ్మ పత్తి ఏరవోతే రోజుకు యాభై ఇస్తరు."

పిల్లలూ, లెక్కల మాస్టరుకు విద్యార్థి లెక్క చెప్పడం కన్న సంతోషం లేదంటారు. ఆ రోజు మటుకు నాకు సంతోషం కలగలేదు. చెవులు ఎర్రబడ్డాయి. గబగబా అరవై తీసి ఇచ్చాను. చేసిన తప్పు సర్దుకుందామని మరో పది నోటు కూడా పైన పెట్టాను.

పెద్దాయన పది నోటు తీసి నా చేతిలో పెట్టాడు. "ధర్మం వద్దు సారూ. ధర ఇచ్చిండ్రు, చాలు," అన్నాడు.

వ్యాపారమా, మంచిపనా అని అడిగిన అబ్బాయీ, ఈ మాటను మీ అవ్వకు వినిపించి, ఆమె ఏమంటుందో నాకు వ్రాయి.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. ఆ పెద్దాయన ఒంటరిగా అంగడి పెట్టుకున్నవాడు కాడు. నిర్మల బొమ్మలవారు 1955లో సహకార సంఘం పెట్టుకున్నారు. ఎవరికి వారు కట్టె కొని, ఎవరికి వారు షావుకారు చెప్పిన ధరకు అమ్ముకోవడం కన్న, అందరూ కలిసి కొని, కలిసి అమ్మితే మేలన్నది సహకారంలోని కిటుకు. మరుసటి ఏడే, 1956లో, మన కరీంనగరు వైపు ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు రైతులను కూడగట్టి ఇంకొక సంఘం పెట్టారు. అప్పు ఇవ్వడం మొదలు పండిన పంట అమ్మిపెట్టడం దాకా ఆ సంఘం చేస్తూ వచ్చింది. 2000లో అదే ఊళ్ళో ఆడవారు పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. స్వకృషి అన్న పేరుతో వచ్చే పాల పొట్లం మీలో చాలామంది ఇంటికి వచ్చే ఉంటుంది. ముల్కనూరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలోకి పోయింది. జిల్లాలు మారినా గేదెలు మారలేదు, పాలు అవే.

సరే, మళ్ళీ మన చిలుక దగ్గరికి వద్దాం. మేము బయలుదేరబోతుంటే పెద్దాయనే అన్నాడు: "ధర సంగతి అట్లుంచుండ్రి. అసలు చెట్టే కనవడ్తలేదు. మా తాత పొద్దుగాల వోయి పొద్దుమూకెవరకు కట్టె తెచ్చెటోడు. ఇప్పుడు రెండు రోజులు తిరిగినా దొరుకది."

"మరి మీరే నాటవచ్చు కదా తాతా?" అన్నాడు సీతాఫలం నొక్కిన కుర్రాడు.

"నేను నాటితే నా మనుమడు కొట్టాలె బిడ్డా. రేపటి బియ్యానికి ఏం జెయ్యాలె?"

దానికి మాలో ఎవరూ జవాబు చెప్పలేదు. బస్సెక్కాం.

నిర్మల దాటగానే మహబూబ్ ఘాటు వస్తుంది. రోడ్డు మెలికలు తిరుగుతూ గుట్టలెక్కుతుంది. ఇరుప్రక్కలా అడవి. పైన బస్సు ఆపి నడిచాం. అక్కడ కలిసిన ఫారెస్టు గార్డు పొణికి చెట్టును చూపించాడు. రాళ్ళ మధ్య నిలబడి ఉంది. పెద్ద పెద్ద ఆకులు; ఆకు తిరగవేస్తే అడుగున తెల్లని నూగు. గాలి వీచినప్పుడు చెట్టంతా పచ్చ చీర, తెల్ల చీర మార్చి మార్చి కట్టుకుంటున్నట్టుంది. ఇది మన ఆముదపు చెట్టుకు చుట్టం, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. కృష్ణానది ప్రక్కన కొండపల్లిలో చేసే బొమ్మలు కూడా ఈ కట్టెవే. సముద్రం మీద తెప్పలు కట్టడానికీ దీన్ని వాడేవారు. కట్టె తేలిక కనుక నీట మునగదు, మెత్తన కనుక ఉలికి ఎదురు చెప్పదు.

గార్డును అడిగి, చెట్టు క్రింద రాలిన కాయలు నలభై ఏరుకున్నాం. తరువాత కుంటాలకు వెళ్ళాం. కడెం నది దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ ముచ్చట ఇంకొకసారి చెబుతాను, ఈ నెల నా మనస్సంతా జేబులోని కాయల మీదనే ఉంది.

బడి వెనక మళ్ళు చేసి నలభై గింజలూ నాటాం. రోజూ నీళ్ళు పోశాం. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఒక్కటీ మొలవలేదు. "సార్, ఇవి బొమ్మ గింజలేమో సార్," అన్నారు పిల్లలు. తవ్వి చూస్తే గింజలు నాటిన నాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. సంగతేమిటంటే, పొణికి గింజ పెంకు మహా గట్టిది. నీరు తొందరగా లోపలికి పోదు. అడవిలో కూడా రాలిన గింజలలో మొలిచేవి తక్కువ. చెట్టు తగ్గిపోవడానికి గొడ్డలి ఒక కారణం, అడవి కొట్టి చేసుకున్న చేలు ఒక కారణం, గింజ మొండితనం కూడా ఒక కారణం.

మరుసటి ఏడు మళ్ళీ కాయలు తెప్పించాం. ఈసారి గింజల పెంకును బండమీద జాగ్రత్తగా అరగదీసి, నీళ్ళలో నానబెట్టి నాటాం. రెండు మొలిచాయి! బడిలో ఆ రోజు పండుగే. గంట కొట్టే అటెండరు కూడా గంట సంగతి మరచి వచ్చి చూశాడు. కాని ఒక మొక్కను పదిహేను రోజులకే మేక తినేసింది. ఆ మేక ఎవరిదో నాకు తెలుసు. దాని యజమాని ఈ పత్రిక చదువుతాడు కనుక చెప్పను.

మిగిలిన మొక్క బతికింది. నేను బదిలీ అయి, పదవీవిరమణ చేసి, అన్నీ అయిన తరువాత కూడా ఏడాదికొకసారి వెళ్ళి చూస్తున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది. బడి కప్పును మించి పెరిగింది. పూస్తుంది కూడా. కాని కాయదు.

ఎందుకు కాయదో చాలాకాలం తెలియలేదు. నీరు చాలదేమోనని నీరు పెట్టించాను, ఎరువు వేయించాను. చివరకు మా ఊరి గీత కార్మికుడొకాయన నవ్వి, "సారూ, పోతుతాడికి ముంజలు కాస్తయా?" అన్నాడు. తాడిచెట్టులో పోతుతాడి వేరు, పరుపుతాడి వేరు అని మీకందరికీ తెలుసు కదా. పొణికి కూడా అంతే. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పూలను కోసి చూస్తే పుప్పొడి తప్ప మరేమీ లేదు. మాది మగచెట్టు! మేక తిన్నది ఆడచెట్టో ఏమో, ఇక ఎవరు చెప్పగలరు?

అప్పటినుంచి నాకొక పని దొరికింది. తెల్లవారగానే నడకకు వెడతాను. ఎవరైనా ఆదిలాబాదు వైపు వెడుతున్నారంటే గింజలు తెమ్మని బ్రతిమాలుతాను. అటవీశాఖవారు కూడా పొణికి మొక్కలు పెంచి నాటే పని పెట్టుకున్నారు. వారిది పెద్ద పని. నాకు కావలసింది ఒక్క ఆడమొక్క. అది మొలిచి, బతికి, పూసి, కాయడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేశాను గాని, నా వయస్సుతో కలిపి కూడలేదు.

మొన్న మా మనుమరాలు బంధువుల పెళ్ళికి నిర్మల వెళ్ళి వచ్చింది. రాగానే పిడికిలి నా ముందు పెట్టి విప్పింది. మూడు పొణికి గింజలు!

"ఎంతకిస్తవ్?" అన్నాను నవ్వుతూ.

"ఒక్కోటి పది రూపాయలు తాతా."

ఐదు అనబోయాను. బల్ల మీది చిలుక నన్నే చూస్తున్నది. లోపలికి వెళ్ళి ముప్ఫై రూపాయలు తెచ్చి ఇచ్చాను. అవి లెక్కపెట్టుకుని, "పెంకు అరగదియ్యాలంటే ఇంకో ఐదు," అంది.